బుధవారం తుప్పు

చందానగర్ మార్కెట్‌లో మందుల దుకాణం మీది అంతస్తులో భానుశ్రీ ఆఫీసు. మెట్లెక్కే వాళ్ళ అడుగుల చప్పుడు వింటే చాలు, వాళ్ళ కష్టమేమిటో సగం చెప్పేస్తుందావిడ. ఆ మంగళవారం పొద్దున చెప్పుల చప్పుడు సగం మెట్ల దాకా వచ్చి ఆగింది. నాలుగు మెట్లు కిందికి దిగింది. ఒక నిమిషం తర్వాత మళ్ళీ ఎక్కింది.

“ప్రేమ్, మంచినీళ్ళు తెచ్చి పెట్టు. సొంత మనిషి మీద అనుమానంతో వస్తోంది ఎవరో” అంది భానుశ్రీ, సోంపు డబ్బా మూత పెడుతూ.

ప్రేమ్ కుమార్ అప్పటికే గ్లాసు కడుగుతున్నాడు. రాయదుర్గంలో తొమ్మిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఒకానొక శుక్రవారం కంపెనీ వాళ్ళు చెయ్యి ఊపి పంపించేస్తే, ఈ ఆఫీసులో వచ్చి పడ్డాడు. జీతం సగానికి సగం. అయినా అప్పుడు లేని నిద్ర ఇప్పుడు పడుతోంది. భానుశ్రీ ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో సర్వేయరుగా కాలిన గోడౌన్లూ, మునిగిన లారీలూ చూసి చూసి, చివరికి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఆవిడ ఏది చెప్పినా నిజమవుతుందని ప్రేమ్‌కి గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆవిడకే కాస్త ఇబ్బందిగా ఉండేది.

వచ్చిన అమ్మాయికి ముప్ఫై లోపు ఉంటాయి. మెడలో ఆఫీసు ట్యాగు, కళ్ళ కింద నిద్రలేని నీడలు. గ్లాసు రెండు చేతులా పట్టుకుంది కానీ తాగలేదు.

“నా పేరు రూబీ మేడమ్. మా నాన్న దానియేలు. గోపన్‌పల్లిలో రామ్మోహన్ కోటింగ్స్ అని ఒక షెడ్డు ఉంది, అందులో ముప్ఫై ఒక్క ఏండ్ల నుంచి చేస్తున్నడు. ఇనుముకి తుప్పు పట్టకుండ ఫాస్ఫేట్ పూత వేసే పని. ఆ పూత మీదనే రంగు నిలబడతది.”

“ఇప్పుడు నిలబడలేదు” అంది భానుశ్రీ.

“ఎట్ల తెలుసు?”

“నిలబడి ఉంటే మీరు నా దగ్గరికి ఎందుకొస్తారమ్మా?”

రూబీ నవ్వబోయి ఆగిపోయింది. రాయదుర్గం మెట్రో నుంచి ఆఫీసు టవర్లకు పోయే నడవకి ఆ షెడ్డు వాళ్ళే ఉక్కు రెయిలింగులు చేసి ఇచ్చారు. జులై, ఆగస్టులలో బిగించారు. వానలు రెండు గట్టిగా పడేసరికి కొన్ని రెయిలింగుల మీద రంగు పొక్కులెత్తి, లోపలి నుంచి ఎర్రగా తుప్పు కారింది.

“నేను రోజూ అదే తోవల ఆఫీసుకి పోత మేడమ్. రెయిలింగు మీద చెయ్యి వేసి నడుస్తుంటే మా నాన్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. ఇప్పుడు అటు దిక్కు చూడలేకపోతున్న. ఓనరు ఉదయ్ భాస్కర్ సార్ శుక్రవారం దాకా టైం ఇచ్చిండు. తప్పు నాదే అని కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోవాలంట. వచ్చే మార్చికి రిటైరవుతడు మా నాన్న. ఇంత కాలం చేసి, గిట్ల దొంగలెక్క బయటికి పోవాల్నా?”

“నాన్నగారు ఏమంటున్నారు?”

“సంతకం పెడత అంటున్నడు. అదే నాకు భయం. ఇంకోటి కూడా ఉంది. మూడు వారాల నుంచి ప్రతి సోమవారం, ప్రతి బుధవారం చీకటితోనే లేచి షెడ్డుకి పోతున్నడు. ఎందుకంటే చెప్పడు. అక్కడ రంగు వేసే శేఖర్ అన్న ఒకరోజు చూసిండంట, ఎవరూ రాకముందే తొట్టిలో నీళ్ళన్నీ మోరీల వదులుతున్నడంట. సాక్ష్యం మాయం చేస్తున్నడని అందరూ అంటున్నరు.”

“ఒకవేళ ఆయనే పాడు చేశారని తేలితే?”

రూబీ గ్లాసు బల్ల మీద పెట్టింది. “తేలనీయండి. ఎందుకు చేసిండో నాకు తెలవాలె. ఆయన నాకు అబద్ధం చెప్పిన రోజు ఒక్కటి కూడా లేదు మేడమ్.”

భానుశ్రీ లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. అందులో ఒక భూతద్దం, ఒక అయస్కాంతం, ఒక చిన్న చాకు, ఎప్పుడూ ఉండే సోంపు డబ్బా. ఫీజు మాట రాలేదు. ఆ మాట ఎత్తితే బాగుంటుందని ప్రేమ్ దగ్గాడు కానీ, ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది.

రాయదుర్గం నడవ మీద జనం పదకొండింటికి కూడా తగ్గలేదు. భానుశ్రీ ఒక రెయిలింగు పక్కన చతికిలబడేసరికి వెనక వచ్చేవాళ్ళు చుట్టూ తిరిగి పోసాగారు. ఒక రెయిలింగు నిగనిగలాడుతోంది. దాని పక్కదే అప్పడం మీద పొక్కుల్లా ఉబ్బి ఉంది. ప్రేమ్ ఒక పొక్కును బొటనవేలితో నొక్కితే చిట్లి, ఎర్రటి నీళ్ళు కారాయి. లాల్చీ మీద పడ్డ మరక సాయంత్రానికి కూడా పోలేదు.

భానుశ్రీ మంచి రెయిలింగు అడుగున రంగును చాకుతో గోరంత గీకింది. కింద బూడిదరంగు పొర, గరుకుగా, గట్టిగా ఉంది. చెడిపోయిన దాని రంగు పెచ్చులా ఊడి వచ్చింది. దాని కింద కూడా బూడిదరంగు పొర ఉంది.

“చూశావా? పూత వేశారు. సరిగ్గానే వేశారు. అయినా దాని మీద రంగు పట్టలేదు. పూతకీ రంగుకీ మధ్య ఇంకేదో చేరింది.” ఆవిడ రెయిలింగు పాదం కింద వేళ్ళతో తడిమింది. “ఇక్కడ అంకెలు గుద్దారు. పూత వేసిన తేదీ అయ్యుంటుంది. నువ్వు వంగగలవు కదా?”

ప్రేమ్ గంటన్నరసేపు నేలకి చెంప ఆనించి ఎనభై రెయిలింగుల తేదీలు ఫోనులో ఎక్కించాడు. తెలిసిన పాత సహోద్యోగి ఒకడు ఆ దారినే పోతూ ఆగి, ఏమైందని జాలిగా అడిగి, సమాధానం వినకుండానే వెళ్ళిపోయాడు. పాడైనవి ఇరవై ఆరు. వాటి తేదీలను క్యాలెండరుతో సరిచూసేసరికి ప్రేమ్ మొహం వెలిగిపోయింది.

“మేడమ్! పాడైనవన్నీ సోమవారం, బుధవారం చేసినయే. మంగళ, గురు, శుక్ర, శనివారాలవి ఒక్కటి కూడా పోలేదు!”

“భేష్” అంది భానుశ్రీ. ఆ ఒక్క మాటకే అతనికి నడుం నొప్పి తగ్గింది.

గోపన్‌పల్లిలో ఆ షెడ్డు ఒకప్పుడు పొలాల మధ్య ఉండేదట. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు మొలిచాయి. గేటు పక్కన నేల మీద గుండ్రంగా కొత్త సిమెంటు పోసి ఉంది. షెడ్డుకి ఆనుకునే ఓనరు ఇల్లు. ఇంటి వంటింటి తలుపు తెరిస్తే షెడ్డు లోపలికే.

ఉదయ్ భాస్కర్ నలభై అయిదేళ్ళ మనిషి. కోపంగా ఉన్నాడు. ఆ కోపం కింద ఏడుపు ఉన్నట్టు ప్రేమ్‌కి తోచింది.

“నన్ను రాక్షసుణ్ణి అనుకోకండి మేడమ్. నాన్నగారు పోయాక ఈ షెడ్డుకి దానియేలే పెద్ద. నాకు ఈ పని నేర్పింది ఆయనే. కానీ కస్టమరు ఎవరి తప్పో రాసిమ్మంటున్నాడు. ఈయన్ని అడిగితే నోరు విప్పడు. తెల్లవారకముందే వచ్చి నీళ్ళు పారబోస్తాడు. నేనేమనుకోవాలి చెప్పండి?”

“ఆయన్నే అడుగుదాం” అంది భానుశ్రీ.

దానియేలు పొట్టిగా, తెల్లటి జుట్టుతో, మోచేతుల దాకా రబ్బరు తొడుగులతో ఉన్నాడు. డిటెక్టివ్‌ని తన కూతురే తెచ్చిందని తెలిసి మొహం చిన్నబుచ్చుకున్నాడు కానీ, పని గురించి అడగ్గానే మనిషి మారిపోయాడు. వరసగా ఉన్న తొట్ల వెంట వాళ్ళని నడిపించాడు. మొదటి దాంట్లో ఇనుము మీది జిడ్డు కడుగుతారు. రెండో దాంట్లో యాసిడ్‌తో పాత తుప్పు తీస్తారు. ఆ తర్వాత వెచ్చటి ఫాస్ఫేట్ తొట్టి.

“ఇందులకెల్లి తీస్తే ఇనుము బూడిద రంగుకొస్తది మేడమ్. సన్నటి పలుకులు మొలుస్తయి, కంటికి కనబడయ్. గోడకి సిమెంటు పూసేముందు సుత్తితోని గంట్లు పెడ్తరు చూడుండ్రి, పట్టుకోనీకె, గట్లనే. పలుకుల సందుల రంగు పోయి కూసుంటది. ఇగ ఊడమన్నా ఊడదు. ఆఖరుకి ఈ తొట్టిల మంచినీళ్ళతోని కడిగి ఆరబెట్టి శేఖర్‌కి ఇస్తం. ఆయన రంగు కొట్టి బట్టీల పెడ్తడు.”

“ఈ చివరి నీళ్ళు ఎలాంటివై ఉండాలి?”

“వాన చినుకు లెక్క ఉండాలె. ఏం కలిసినా పలుకుల్లో ఇరుక్కుని లోపల్నే కూసుంటది. తర్వాత తేమ తగిలిందంటే రంగుని లేపుతది. అందుకే ఫిల్టరు నీళ్ళు. రోజూ సాయంత్రం నాలుగున్నరకి పాతవి వదిలి కొత్తవి నింపుత. నీళ్ళల్ల ఏమన్న కలిసిందా అని మీటరు పెట్టి చూసి పలక మీద రాస్త. అంకె ఎంత చిన్నగుంటే నీళ్ళు అంత మంచిగున్నట్టు.”

గోడకి రాతపలక వేలాడుతోంది. పద్దెనిమిది, పందొమ్మిది, పద్దెనిమిది. అన్నీ నిక్కమైన మంచినీళ్ళ అంకెలే. పలక పక్కన కొయ్యకి దానియేలు పాత ఏప్రాన్ వేలాడుతోంది, సరిగ్గా చివరి తొట్టి పైన.

“పొద్దున పని మొదలెట్టేముందు మళ్ళీ మీటరు పెట్టరా?”

“కదలని నీళ్ళు రాత్రికి రాత్రి ఎట్ల మారుతయ్ మేడమ్? పెద్ద సారున్నప్పటి నుంచి గిదే పద్ధతి.” ఆ మాట అంటూ దానియేలు వంటింటి తలుపు వైపు ఒకసారి చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నాడు.

“ఆదివారం మీకు సెలవు. మంగళవారాలు?”

“మంగళవారం అయిదింటికే పోత. ప్రార్థన కూటం ఉంటది. తక్కిన రోజులు ఏడింటి దాక ఇక్కడనే ఉంట.”

“మూడు వారాలుగా తెల్లవారకముందే ఎందుకు వస్తున్నారు?”

దానియేలు చేతి తొడుగులు ఊడదీసి, మడిచి, మళ్ళీ విప్పాడు. “అది మటుకు అడగకుండ్రి మేడమ్.”

శేఖర్‌ని అడిగితే మొహమాటం లేకుండా చెప్పాడు. “నాకు ఆయన మీద పగ లేదు మేడమ్. మా పెద్దన్న లెక్క. కానీ చూసింది చూసిన అని చెప్పాలె కద. ఈ ఫాస్ఫేట్ అంతా పాత పద్ధతి, కొత్త మందులొచ్చినయ్, మారుద్దాం సార్ అని నేను శాన రోజుల నుంచి మొత్తుకుంటున్న. వినరు.”

ఇతనికి కారణం ఉంది అనుకుని ప్రేమ్ ఫోనులో శేఖర్ పేరు కింద గీత గీశాడు.

చివరి తొట్టి నీళ్ళు పోయే గొట్టం నోటికి సన్నటి జాలీ ఉంది. భానుశ్రీ దాన్ని ఊడదీసి చూసింది. మూలన మూడు నల్లటి గింజలు ఇరుక్కుని ఉన్నాయి, ఆవగింజంత.

“ఇనుప రవ్వలు మేడమ్” అన్నాడు ప్రేమ్.

భానుశ్రీ అయస్కాంతం దగ్గర పెట్టింది. గింజలు కదల్లేదు. ఒకదాన్ని గోళ్ళ మధ్య పెట్టి నొక్కింది. చిట్లింది. లోపల పసుపు పచ్చగా ఉంది. ఆవిడ వేళ్ళు వాసన చూసుకుని, మిగతా రెండూ కాగితంలో మడిచి పెట్టుకుంది. దానియేలు ఆవిణ్ణే చూస్తున్నాడని ప్రేమ్ గమనించాడు. దొరికిపోయిన మనిషి చూపులా లేదది. చంటిపిల్ల నిద్రలేస్తుందేమోనని భయపడే మనిషి చూపులా ఉంది.

అంతలో వంటింటి తలుపు తెరుచుకుంది. “ఎండలో వచ్చారు, ఏమైనా తిన్నారో లేదో. రండమ్మా, ఉప్మా చేశాను” అని పిలిచింది అమ్మణ్ణి. ఉదయ్ భాస్కర్ తల్లి, డెబ్భై నాలుగేళ్ళావిడ. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడుస్తోంది, అయినా నాలుగు ప్లేట్లు తానే పెట్టింది.

లోపలికి వెళ్తూ ప్రేమ్ గుమ్మం పక్కనున్న సంచీకి కాలు తన్నుకుని ఒంటికాలి మీద గెంతాడు. రాళ్ళ ఉప్పు సంచీ, పదికిలోలది, సగం అయిపోయింది.

“అయ్యో, చూసుకో నాయనా!” అంది అమ్మణ్ణి. “దెబ్బ తగిలిందా?”

ఉప్మా నోట్లో పెట్టుకున్న ప్రేమ్ నమలడం ఆపి భానుశ్రీ వైపు చూశాడు. అందులో ఉప్పు చిటికెడు కూడా లేదు.

“నాకు బీపీ అండి. డాక్టరు మానేయమన్నాడు. ఇద్దరమే కదా, ఇంట్లో అందరికీ ఇదే చప్పిడి వంట. మావాడు పాపం నోరెత్తకుండా తింటాడు” అందావిడ నవ్వుతూ.

“బాగుందండి” అని భానుశ్రీ ప్లేటు ఖాళీ చేసింది. “గేటు దగ్గర ఆ సిమెంటు ఏమిటండి?”

“అక్కడ బావి ఉండేదమ్మా. మా ఆయన తవ్వించారు. రోడ్డు వెడల్పు చేస్తామని జూన్‌లో పూడ్చేశారు. ఈ ఏడాది ఏం బాగాలేదు. ఎండాకాలంలో దానియేలుకి గుండెనొప్పి వచ్చింది, స్టెంటు వేశారు. తర్వాత ఇంత పెద్ద పని వచ్చింది, చుట్టూ ఉన్న వాళ్ళందరూ అబ్బో అబ్బో అన్నారు. ఎవరి కళ్ళు పడ్డాయో, ఇలా అయింది.” ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “వాణ్ణి పంపేయకండని మావాడికి మీరైనా చెప్పండి. ముప్ఫై ఏళ్ళ నుంచి వాడు నా చేతి కాఫీ తాగని రోజు లేదు.”

బయటికి వచ్చాక భానుశ్రీ ఉదయ్ భాస్కర్‌ని పక్కకి పిలిచింది. “ఈ సాయంత్రం మామూలుగానే తొట్టి నింపించండి. నింపాక నీళ్ళు వదిలే వాల్వుకి తాళం వేసి, తాళంచెవి నాకివ్వండి. రేపు ఎనిమిదింటికి అందరూ ఉండాలి. మీ అమ్మగారు కూడా.”

తిరుగు ప్రయాణంలో స్కూటరు వెనక కూర్చుని ప్రేమ్ తన వాదన వినిపించాడు. “దానియేలన్న ఆదివారం చర్చికి, మంగళవారం కూటానికి పోతడు. మర్నాడు అలసిపోయి వస్తడు, కడుగుడు సరిగ్గ చేయడు. తప్పు తెలిసి దాచుకుంటున్నడు. లేదంటే శేఖర్. కొత్త మందు తెప్పించాలని పాతదాన్ని చెడగొట్టిండు.”

“బాగుంది. ఒక్కటి చెప్పు. చెడగొట్టేవాడు, చెడగొట్టిన నీళ్ళని వాడకముందే ఎందుకు పారబోస్తాడు?”

ప్రేమ్ ఫోను తీసి శేఖర్ పేరు కింది గీత చెరిపేశాడు.

“సాక్ష్యం మాయం చేయాలంటే పని అయ్యాక పారబోయాలి. ఆయన పని మొదలవకముందే పారబోసి కొత్తవి నింపుతున్నాడు. ఆయన ఆ రెయిలింగులని కాపాడుతున్నాడు ప్రేమ్. ఇంకెవరినో కూడా.” గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర బండి ఆపి ఆవిడ వెనక్కి తిరిగింది. “సిల్వర్ నైట్రేట్ అని ఒక మందుంటుంది, లాబొరేటరీ సామాన్ల షాపులో చిన్న సీసా దొరుకుతుంది. అది తీసుకురా. అసలు విషయం నాకు తెలిసిపోయింది. దాన్ని ఎలా చెప్పాలో మాత్రం రేపటి లోపల ఆలోచించుకోవాలి.”

ఆవిడ గొంతులో అంత దిగులు అతను ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున అందరూ చివరి తొట్టి చుట్టూ చేరారు. ఉదయ్ భాస్కర్ చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం. రూబీ తండ్రి పక్కనే నిలబడి ఆయన మోచెయ్యి పట్టుకుంది. శేఖర్ గోడకి ఆనుకున్నాడు. అమ్మణ్ణి కుర్చీలో కూర్చుంది. దానియేలు తెల్లవారకముందే వచ్చి తాళం చూసి, అప్పటినుంచి అక్కడే నిలబడిపోయాడట. మొహం పాలిపోయి ఉంది.

“మేడమ్, ఇదంత ఎందుకు? సంతకం పెడత అన్న కద” అన్నాడు.

“పెడుదురుగాని. పది నిమిషాలు ఆగండి.” భానుశ్రీ పలక వైపు చూపించింది. “నిన్న సాయంత్రం నింపినప్పుడు పద్దెనిమిది. ఆ తర్వాత ఈ నీళ్ళు ఎవరూ వదల్లేదు, కొత్తవి పోయలేదు. శేఖర్ గారూ, కర్రతో ఒకసారి కలిపి మీటరు పెట్టండి.”

శేఖర్ మీటరు ముంచి చూశాడు. దులిపి మళ్ళీ ముంచాడు. “అయిదు వందల తొంభై! మీటరు ఖరాబైందా ఏంది?”

“మీటరు బాగానే ఉంది. ప్రేమ్.”

ప్రేమ్ గాజు గ్లాసులో ఆ నీళ్ళు ముంచి, సీసాలోంచి రెండు చుక్కలు వేశాడు. నీళ్ళు విరిగిన పాలలా తెల్లబడ్డాయి.

“ఇది ఉప్పుంటేనే ఇలా అవుతుంది” అంది భానుశ్రీ. “ఇంట్లో వాడే మామూలు ఉప్పు. ఇనుముకి దీన్ని మించిన శత్రువు లేదు. ఈ నీళ్ళలో ముంచిన రెయిలింగుకి ఆ పలుకుల సందుల్లో ఉప్పు ఇరుక్కుంటుంది. పైన ఎంత మంచి రంగు కొట్టినా, వాన తేమ లోపలికి చేరగానే తుప్పు మొదలవుతుంది. దానియేలు గారి పూతలో లోపం లేదు, శేఖర్ గారి రంగులో లోపం లేదు. పాడైనవన్నీ సోమవారం, బుధవారం చేసినవి. అంటే ఈ ఉప్పు ఆదివారం సాయంత్రం, మంగళవారం సాయంత్రం పడుతోంది. దానియేలు గారు ఇక్కడ ఉండని సాయంత్రాలు అవే. తక్కిన రోజులు కొత్త నీళ్ళు, మంచి రెయిలింగులు.”

“ఎవరు చేశారు? ఎవరికి ఇంత పగ?” ఉదయ్ భాస్కర్ శేఖర్ వైపు తిరిగాడు.

“పగ కాదండి.” భానుశ్రీ కాగితం పొట్లం విప్పి తొట్టి అంచున పెట్టింది. “ఇవి జాలీలో దొరికాయి. ఆవాలు. చెడగొట్టాలనుకున్నవాడు ఉప్పు వేస్తాడు, పోపు గింజలు ఎందుకు వేస్తాడు? ఉప్పూ ఆవాలూ కలిపి గుప్పిట పట్టి, ఆదివారమో మంగళవారమో చూసుకుని, పొద్దుగుంకే వేళ మనిషి చుట్టూ తిప్పేది ఎందుకో మనందరికీ తెలుసు. తిప్పిన ఉప్పు ఎవరూ తొక్కకూడదు. నీళ్ళలో కలిపేయాలి. ఈ ఇంట్లో ఏళ్ళ తరబడి దాన్ని బావిలో వేసేవారు. జూన్‌లో బావి పూడ్చేశారు.”

దానియేలు ఒక అడుగు ముందుకు వేశాడు. “మేడమ్, మీకు దండం పెడత. ఇగ చాలు.”

“మూడు వారాల కింద రాయదుర్గం పోయి ఆ తుప్పు చూసినప్పుడే మీకు ఉప్పని అర్థమైపోయింది. వచ్చి జాలీ చూశారు, ఇలాంటి గింజలే దొరికాయి. అప్పటినుంచి చీకట్లో వచ్చి నీళ్ళు మారుస్తున్నారు. చేసిన వాళ్ళకి తెలియకూడదని, ఉద్యోగమైనా పోగొట్టుకుందామని.”

కుర్చీ కిర్రుమంది. అమ్మణ్ణి గోడ పట్టుకుని లేచి నిలబడింది.

“ఆ ఉప్పు నాదేనమ్మా” అంది.

“అమ్మా!” అన్నాడు ఉదయ్ భాస్కర్.

“నాకేం తెలుసురా? మర్నాడు సాయంత్రానికల్లా ఆ నీళ్ళు మోరీలోకి పోతాయి కదా, ఎవరూ తొక్కరు కదా అనుకున్నాను. ఇంత పెద్ద షెడ్డుకి పిడికెడు ఏం సరిపోతుందని రెండు దోసిళ్ళతో దిష్టి తీసేదాన్ని. షెడ్డు కోసమే కాదు నేను తీసింది. ఆసుపత్రిలో వాడు ముక్కుకి గొట్టాలతో పడుకుంటే చూశాను. వాడి దేవుడు వేరు, ఇలాంటివి ఒప్పుకోడు. అందుకని వాడు ప్రార్థనకి పోయాక, ఆ కొయ్యకున్న ఏప్రాన్‌కి తీసేదాన్ని. వాడికి తగిలిన దిష్టి పోవాలని.”

ప్రేమ్ తల తిప్పి ఏప్రాన్ వైపు చూశాడు. జేబు దగ్గర చిరిగి, దారంతో కుట్టి ఉంది. శేఖర్ అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నాడు, రంగు పొడి పడిందని చెబుతూ.

“వాడికి మేలు చేద్దామని వాడి కడుపు మీదే కొట్టానా?” అంది అమ్మణ్ణి. “మా ఆయన నిలబెట్టిన పేరుని నేనే తుప్పు పట్టించానా?”

దానియేలు వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాడు. “మీకు గిది తెలవకూడదనే కద అమ్మగారూ నా పరేషానంత. రెయిలింగుదేముంది, రంగు గీకి మళ్ళ పూత పెట్టుకుంట. మీ మనసుకి తగిలితే దానికి యాడ పూత పెట్టాలె?”

“ఒరేయ్, ఉప్పు వేయకే ముసలిదానా అని ఒక్క మాట అంటే సరిపోయేది కదరా!”

“నా కోసం తిప్పుతున్నరని ఏప్రాన్ కింద పడ్డ ఆవాలు చూసినప్పుడే తెలిసింది. ఇగ నా నోట ఎట్ల వస్తది ఆ మాట?”

రూబీ తండ్రి భుజానికి నుదురు ఆనించి ఏడ్చింది. మూడు వారాలుగా బిగపట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. ఉదయ్ భాస్కర్ చేతిలో కాగితం మడత విప్పాడు. జేబులోంచి పెన్ను తీసి, దానియేలు పేరున్న చోట అడ్డంగా కొట్టేసి, పైన రామ్మోహన్ కోటింగ్స్ అని రాసి, కింద తన సంతకం పెట్టాడు.

“తప్పు మా షెడ్డుది, మొత్తం మళ్ళీ చేసి ఇస్తామని చెబుతాను. నెల పడుతుంది.” తర్వాత గొంతు సవరించుకుని దానియేలు ముందుకి వచ్చాడు. “మిమ్మల్ని నేను ఇంకోలా అడగాల్సింది. అడగలేదు. క్షమించండి దానియేలు గారూ.”

“గారు గీరు పెట్టకు చిన్న సారూ, ఎవరినో పిలిచినట్టుంటది. పొద్దున కూడా మీటరు పెట్టాలె, అది నా తప్పు. ఇయ్యాల్టి నుంచి పెడత” అన్నాడు దానియేలు. వెంటనే తొడుగులు వేసుకుని, తాళంచెవి ఇమ్మని భానుశ్రీ ముందు చెయ్యి చాపాడు. నీళ్ళు మార్చాలి కదా మరి.

నెలన్నర తర్వాత ఒక మంగళవారం సాయంత్రం వాళ్ళని రూబీ షెడ్డుకి పిలిచింది. చివరి రెయిలింగు ఆ పొద్దునే బిగించారట. భానుశ్రీ ఫీజుగా అమ్మణ్ణి పెట్టిన ఆవకాయ జాడీ ఒకటి తీసుకుంది. అందులో ఉప్పుందా లేదా అని ప్రేమ్ మూత తీసి వేలితో నాకి చూశాడు, భానుశ్రీ చేత అక్షింతలు వేయించుకున్నాడు.

తొట్టి పక్కన, ఏప్రాన్ వేలాడే కొయ్య కింద, ఇదివరకు లేని ఉక్కు బకెట్టు ఒకటి కనబడింది. ముదురు నీలం రంగు, మెరుస్తోంది. సగం దాకా నీళ్ళున్నాయి.

“ఇదేందన్నా?” అన్నాడు ప్రేమ్.

“అమ్మగారికి చేసిన. లోపల బయట రెండుసార్లు ఫాస్ఫేట్ పెట్టిన. నెల నుంచి ఉప్పు నీళ్ళల్లనే ఉంది. చూడు, ఒక్క చుక్క తుప్పు ఉందేమో చూడు!” దానియేలు బకెట్టుని దీపం వైపు వంచి చూపించాడు. ప్రేమ్ వంగి, వేలితో అంచంతా తడిమాడు. ఎక్కడా లేదు.

అయిదు అయింది. దానియేలు ఒంటి మీది ఏప్రాన్ విప్పి, దులిపి కొయ్యకి తగిలించాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, ముందు భాగం వంటింటి తలుపు వైపు తిరిగేలా సర్దాడు. బైబిలున్న సంచీ చంకన పెట్టుకున్నాడు.

“కూటంలో ఏం ప్రార్థన చేస్తరన్నా?” అని అడిగాడు ప్రేమ్, గేటు దాకా తోడు నడుస్తూ.

“అమ్మగారి మోకాళ్ళ గురించి. శాన ఏండ్ల నుంచి అదే. ఇంక తగ్గుతలేవు” అన్నాడు దానియేలు, కొంచెం సిగ్గుపడుతూ.

ఆయన అటు రోడ్డు దాటాడో లేదో, ఇటు వంటింటి తలుపు మెల్లగా తెరుచుకుంది. కాసేపటికి బకెట్టులో ఉప్పు పడ్డ చప్పుడు గేటు దాకా వినబడింది.